పార్కింగ్ జరిమానాకు వాయిదాలు: షికాగో అనుభవం మన నగరాలకు చెప్పేదేమిటి?

నిలపకూడని చోట వాహనం నిలిపినందుకు విధించే జరిమానా చట్టం దృష్టిలో అతి చిన్న శిక్ష. నిర్ణీత రుసుము చెల్లిస్తే వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. చెల్లించగలిగిన వారి విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. చెల్లించలేని వారికి మాత్రం అదే చిన్న జరిమానా ఏళ్ల తరబడి వెంటాడే రుణంగా మారగలదని అమెరికా నగరాల అనుభవం చెబుతోంది. అక్కడి పలు నగరాలు పార్కింగ్ జరిమానాలను వాయిదాల్లో స్వీకరించడానికి ముందుకు రావడం వెనుక ఉన్నది ఈ అనుభవమే. వాటిలో షికాగో కథ ప్రత్యేకమైనది. వాయిదా పద్ధతి కాగితం మీద ఉన్నంత మాత్రాన ప్రయోజనం ఉండదని ఆ నగరం చాలా ఖరీదైన రీతిలో తెలుసుకున్నది. పేరుకుపోయిన చలాన్లను వసూలు చేసుకోవడానికి విడతలు విడతలుగా రాయితీలు ప్రకటిస్తున్న మన రాష్ట్రాలు ఈ కథను శ్రద్ధగా గమనించవలసి ఉన్నది.

తిరస్కరణకు గురైన 25 డాలర్లు

ముందుగా షికాగోకు దక్షిణాన, మిస్సౌరీ రాష్ట్రంలో ఉన్న ఫెర్గూసన్ అనే చిన్న పట్టణాన్ని ప్రస్తావించాలి. 2014 ఆగస్టులో అక్కడ ఒక నల్లజాతి యువకుడు పోలీసు కాల్పుల్లో మరణించిన అనంతరం అమెరికా న్యాయశాఖ ఆ పట్టణ పోలీసు వ్యవస్థపైనా, మునిసిపల్ న్యాయస్థానంపైనా దర్యాప్తు జరిపి, 2015 మార్చిలో నివేదిక వెలువరించింది. ప్రజల భద్రత కంటే ఖజానా ఆదాయమే అక్కడి పోలీసు విధానాన్ని శాసించిందని ఆ నివేదిక తేల్చింది.

అందులో ఒక మహిళ ఉదంతం ఉన్నది. 2007లో ఆమె కారును తప్పుగా నిలిపినందుకు 151 డాలర్ల జరిమానా, దానిపై అదనపు రుసుములు పడ్డాయి. ఆర్థిక ఇబ్బందుల్లో, కొంతకాలం నిలువ నీడ కూడా లేని స్థితిలో ఉన్న ఆమె కోర్టు వాయిదాలకు హాజరు కాలేకపోయింది; గడువులోగా సొమ్ము కట్టలేకపోయింది. ప్రతి గైర్హాజరు కొత్త అభియోగమైంది. ఆమెను రెండుసార్లు అరెస్టు చేశారు. ఆరు రోజులు జైలులో ఉంచారు. 2014 డిసెంబరు నాటికి ఆమె మొత్తం 550 డాలర్లు చెల్లించినా, ఇంకా 541 డాలర్లు బాకీ ఉన్నట్లు లెక్క చూపారు. ఈ క్రమంలో ఒకసారి 25 డాలర్లు, మరొకసారి 50 డాలర్లు చెల్లించేందుకు ఆమె ప్రయత్నించగా, పూర్తి మొత్తం కాదన్న కారణంతో కోర్టు ఆ సొమ్మును తిప్పి పంపింది.

ఈ ఉదంతంలో గమనించవలసిన విషయం ఆ చివరి వాక్యంలోనే ఉన్నది. ఆమె చెల్లించనని మొండికేయలేదు. కొద్దికొద్దిగా చెల్లిస్తానన్నది. తీసుకోవడానికి వ్యవస్థ సిద్ధంగా లేదు. ఫలితంగా పట్టణానికి జరిమానా సకాలంలో రాలేదు, ఆమెకు విముక్తీ లభించలేదు.

200 డాలర్లు 488 అయ్యే తీరు

షికాగోలో ఇదే సమస్య మహానగర స్థాయిలో తలెత్తింది. ఆ నగరంలో నివసించే వాహన యజమానులు నగరపాలక సంస్థకు చక్ర పన్ను చెల్లించి, అందుకు గుర్తుగా ఒక స్టిక్కరును కారు అద్దానికి అతికించుకోవాలి. వీధిలో నిలిపిన కారుకు ఆ స్టిక్కరు లేకపోతే సిబ్బంది జరిమానా చీటీ పెట్టి వెళతారు. 2012లో ఈ జరిమానాను 120 డాలర్ల నుంచి 200 డాలర్లకు పెంచారు. గడువు దాటితే అది రెట్టింపై 400 డాలర్లయ్యేది. వసూలు ఖర్చుల పేరిట మరో 22 శాతం కలిపితే 488 డాలర్లకు చేరేది. ఒక్క చీటీ కథ ఇది. కారును ఇంటి ముందు వీధిలోనే నిలపవలసి వచ్చే పేద కుటుంబానికి ఇలాంటి చీటీలు వరుసగా పడటం అరుదేమీ కాదు.

ఆ తరువాతి దశలు మరింత కఠినమైనవి. చెల్లించని చీటీలు మూడుకు చేరితే కారు చక్రానికి పసుపు రంగు ఇనుప తాళం బిగిస్తారు. నిర్ణీత గంటల్లో సొమ్ము కట్టకపోతే కారును లాగుకొని పోయి నగర ప్రాంగణంలో ఉంచుతారు. లాగినందుకు ఒక రుసుము, ఉంచినందుకు రోజువారీ అద్దె జమ అవుతూ పోతాయి. పార్కింగ్ బకాయిల చీటీలు పదికి చేరితే డ్రైవింగ్ లైసెన్సును కూడా నిలిపివేసే నిబంధన కొన్నేళ్ల క్రితం వరకు అమలులో ఉండేది. లైసెన్సు లేక, కారు లేక ఉద్యోగానికి వెళ్లలేని మనిషి జరిమానా ఎలా చెల్లించగలడు? బాకీ వసూలుకు ఉద్దేశించిన సాధనాలే బాకీ తీర్చే శక్తిని హరించాయి.

ఈ భారం నగరమంతటా సమంగా పడలేదు. నల్లజాతీయులు అధికంగా నివసించే దక్షిణ, పశ్చిమ ప్రాంతాల్లోనే జరిమానా బకాయిలు అత్యధికంగా పేరుకుపోయాయని పరిశోధనాత్మక వార్తా సంస్థ ప్రోపబ్లికా 2018లో వెలువరించిన కథనాలు వెల్లడించాయి.

దివాలా కోర్టు వాయిదా కేంద్రంగా మారిన వైనం

ఆ కథనాల్లో అందరినీ ఆశ్చర్యపరిచిన అంశం మరొకటి ఉన్నది. అమెరికా దివాలా చట్టంలో 13వ అధ్యాయం అనే విభాగం ఉన్నది. స్థిరమైన ఆదాయం ఉన్న వ్యక్తి తన అప్పులను కోర్టు పర్యవేక్షణలో మూడు నుంచి ఐదేళ్ల వాయిదాల్లో తీర్చుకునేందుకు ఆ విభాగం అవకాశం ఇస్తుంది. షికాగోలో నగరపాలక సంస్థకు బాకీ ఉన్న వారు ఈ విభాగం కింద వేసిన కేసులు 2007లో సుమారు 1,000 కాగా, 2017 నాటికి 10,000 దాటాయి. నగరానికి చెల్లించవలసిన బాకీ అప్పట్లో ఒక్కో కేసులో 1,500 డాలర్ల దరిదాపుల్లో ఉంటే, పదేళ్లలో 3,900 డాలర్ల దరిదాపులకు పెరిగింది.

ఇల్లు కోల్పోయే ప్రమాదంలో ఉన్నవారి కోసమో, ఆసుపత్రి ఖర్చులతో చితికిపోయిన వారి కోసమో ఉద్దేశించిన రక్షణను పార్కింగ్ చీటీల కోసం జనం ఎందుకు ఆశ్రయించారు? నగరం వద్ద వాయిదా పథకం లేకపోలేదు. అయితే అందులో చేరాలంటే తొలి చెల్లింపుగానే వందల డాలర్లు కట్టాలి. అప్పటికే కారుకు తాళం పడినవారికి షరతులు ఇంకా కఠినం. దివాలా న్యాయవాదుల్లో పలువురు ముందుగా రుసుము తీసుకోకుండానే కేసు దాఖలు చేసేవారు. కేసు నమోదు కాగానే వసూలు చర్యలు ఆగిపోయేవి. కారూ, లైసెన్సూ తిరిగి దక్కే ఆశ ఉండేది. నగరం ఇవ్వని సులభ వాయిదాలను ప్రజలు ఫెడరల్ కోర్టుకు వెళ్లి పొందవలసి వచ్చిందన్న మాట.

అందుకు వారు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. న్యాయవాది రుసుము అసలు బాకీకి తోడయ్యేది. దివాలా నమోదు వల్ల పరపతి చరిత్ర దెబ్బతినేది. వాయిదా తప్పి చాలా కేసులు మధ్యలోనే కొట్టివేతకు గురయ్యాయి; పాత బాకీలు మళ్లీ తలెత్తాయి.

నగరం కూడా ఊరుకోలేదు. దివాలా కేసు వేసినా, స్వాధీనం చేసుకున్న కారును వెంటనే తిరిగి ఇవ్వనని పట్టుబట్టింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. సిటీ ఆఫ్ షికాగో వర్సెస్ ఫుల్టన్ పేరిట 2021 జనవరి 14న వెలువడిన ఏకగ్రీవ తీర్పు నగరానికి అనుకూలంగా వచ్చింది. కేసు దాఖలుకు ముందే స్వాధీనమైన ఆస్తిని ఊరక అట్టిపెట్టుకోవడం దివాలా చట్టంలోని సంబంధిత నిబంధనను ఉల్లంఘించినట్లు కాదని కోర్టు పేర్కొన్నది. కారు లేకపోతే ఉపాధి దెబ్బతిని, బాకీ తీర్చడం మరింత కష్టమవుతుందన్న ఆవేదనను జస్టిస్ సోనియా సోటోమేయర్ విడిగా రాసిన అభిప్రాయంలో వ్యక్తం చేశారు. చట్టం గెలిచినా సమస్య మిగిలే ఉన్నదని ఆ తీర్పు చదివిన వారికి అర్థమవుతుంది.

సంస్కరణల బాట

వాస్తవానికి ఆ తీర్పు వచ్చేనాటికే షికాగో దిశ మార్చుకోవడం మొదలుపెట్టింది. 2019లో మేయరుగా బాధ్యతలు చేపట్టిన లోరీ లైట్‌ఫుట్ హయాంలో, అదే ఏడాది సెప్టెంబరులో నగర మండలి సంస్కరణలకు ఆమోదం తెలిపింది. వాయిదా పథకాల కాలపరిమితిని పెంచారు. తొలి చెల్లింపు భారాన్ని తగ్గించారు. స్టిక్కరు జరిమానా గడువు దాటితే రెట్టింపయ్యే పద్ధతికి స్వస్తి పలికారు. 2020 జనవరిలో ఇల్లినాయ్ రాష్ట్రం మరో అడుగు వేసింది. పార్కింగ్ బకాయిల కారణంగా డ్రైవింగ్ లైసెన్సు నిలిపివేయరాదని నిర్దేశించే చట్టంపై గవర్నర్ జె.బి. ప్రిట్జ్‌కర్ సంతకం చేశారు.

2022లో నగరం అల్పాదాయ వర్గాల కోసం మరో పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అర్హత ఉన్నవారు ఇటీవలి చీటీల అసలు మొత్తాన్ని వాయిదాల్లో పూర్తిగా చెల్లిస్తే, పాత బకాయిలను రద్దు చేస్తారు. ఇందులో ఉన్న సూత్రం గమనించదగినది. మాఫీ ముందుగా లభించదు. క్రమం తప్పక చెల్లించడం ద్వారా దానిని సంపాదించుకోవాలి.

కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకొక మార్గాన్ని ఎంచుకున్నది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2016లోనే జరిమానాలూ, రుసుములూ పేదలపై చూపే ప్రభావాన్ని సమీక్షించేందుకు కోశాధికారి కార్యాలయంలో ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం వాహన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణను అడ్డుకునే ముందు, అల్పాదాయ వర్గాల వారికి వాయిదా అవకాశం ఇచ్చి తీరాలి. 300 డాలర్ల లోపు బాకీకి నెలకు 25 డాలర్లకు మించి అడగరాదని అప్పట్లో నిర్దేశించారు. దరఖాస్తు రుసుము 5 డాలర్లు దాటరాదు. 2018 జూలై నుంచి ఈ నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఫెర్గూసన్‌లో న్యాయస్థానం తిప్పి పంపిన 25 డాలర్లు ఇక్కడ చట్టబద్ధమైన వాయిదాగా మారడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా రెండు వ్యవస్థల మధ్య అంతరానికి అదే కొలమానం.

ఈ ఆలోచనకు న్యాయశాస్త్రంలో పాత పునాదులే ఉన్నాయి. టెక్సాస్‌లోని హ్యూస్టన్ నగరంలో 425 డాలర్ల ట్రాఫిక్ జరిమానాలు కట్టలేని ఒక పేదవాడిని, రోజుకు 5 డాలర్ల చొప్పున లెక్కగట్టి జైలుకు పంపిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1971లోనే తీర్పు చెప్పింది. జరిమానా మాత్రమే విధించదగిన నేరానికి, కేవలం చెల్లించే స్తోమత లేదన్న కారణంతో మనిషిని జైలు పాలు చేయడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని స్పష్టం చేస్తూ, వాయిదాల్లో వసూలు చేయడం వంటి ప్రత్యామ్నాయాలను ప్రస్తావించింది. చెల్లించలేకపోవడానికీ, చెల్లించకపోవడానికీ మధ్య ఉన్న తేడాను న్యాయస్థానాలు విచారించి తెలుసుకోవాలని 1983లో మరో తీర్పులో చెప్పింది.

అభ్యంతరాలు, సమాధానాలు

వాయిదా పద్ధతిపై అభ్యంతరాలు లేకపోలేదు. వాటిని తేలికగా కొట్టివేయడం సరికాదు. కాలిబాటపై నిలిపిన కారు వృద్ధులనూ, చక్రాల కుర్చీలో వెళ్లేవారినీ నడిరోడ్డు మీదికి నెడుతుంది. ఆసుపత్రి ముందు అడ్డంగా ఆపిన వాహనం అంబులెన్సుకు ఆటంకమవుతుంది. జరిమానా భయం తగ్గితే ఈ నిర్లక్ష్యం పెరుగుతుందన్నది మొదటి అభ్యంతరం. అయితే వాయిదా జరిమానాను తగ్గించదు. చెల్లించే కాలాన్ని మాత్రమే పొడిగిస్తుంది. వసూలయ్యే చిన్న మొత్తం, ఎన్నటికీ వసూలు కాని పెద్ద మొత్తం కంటే ఎక్కువ క్రమశిక్షణ నేర్పగలదు.

వాహనం కొనగలిగిన వాడు పేదవాడెలా అవుతాడన్నది రెండో అభ్యంతరం. ప్రజా రవాణా అందని శివార్లలో నివసించే కార్మికుడికి వాహనం విలాస వస్తువు కాదు. అప్పు చేసి కొన్న ఆటో, సరుకులు చేరవేసే ద్విచక్ర వాహనం వారి పనిముట్లు. నిలపడానికి స్థలమే చూపని నగరంలో ఆ పనిముట్టే జరిమానాకు కారణమవుతుంది.

చిన్న మొత్తాలను వాయిదాల్లో స్వీకరించి లెక్కలు చూడటం ఖర్చుతో కూడిన పని అన్నది మూడో అభ్యంతరం. కాగితపు రశీదుల కాలంలో ఇది బలమైన వాదనే. మొబైల్ ఫోను ద్వారా పది రూపాయలు సైతం క్షణంలో చెల్లిస్తున్న దేశంలో ఆ వాదనకు బలం తగ్గింది.

మన రాష్ట్రాల్లో రాయితీల పర్వం

మన దేశంలో 2019 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం జరిమానాలను గణనీయంగా పెంచింది. ప్రత్యేక శిక్ష పేర్కొనని ఉల్లంఘనలకు వర్తించే 177వ సెక్షన్ కింద తొలి తప్పుకు 100 రూపాయలుగా ఉన్న జరిమానా 500 రూపాయలకు చేరింది. భారం ఎక్కువన్న విమర్శల నేపథ్యంలో గుజరాత్ వంటి రాష్ట్రాలు పలు జరిమానాలను వెంటనే తగ్గించుకున్నాయి. మరోవైపు కెమెరాల ద్వారా ఈ-చలాన్లు విస్తరించాయి. చలాను పంపడం తేలికైంది. వసూలు మాత్రం తేలిక కాలేదు. నో పార్కింగ్ నుంచి హెల్మెట్ వరకు అన్ని ఉల్లంఘనల చలాన్లూ ఒకే ఖాతాలో పోగుపడసాగాయి.

ఈ బకాయిల పరిష్కారానికి రాష్ట్రాలు ఎంచుకున్న మార్గం ఏకకాల రాయితీ. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గింపు ప్రకటించారు. ఏప్రిల్ మధ్య వరకు సాగిన ఆ కార్యక్రమం ద్వారా దాదాపు 300 కోట్ల రూపాయలు వసూలయ్యాయి. రెండేళ్లు తిరగకముందే, 2023 డిసెంబరు 26 నుంచి మరో రాయితీ అమలు చేయవలసి వచ్చింది. ఈసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లు, భారీ వాహనాలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకూ తోపుడు బండ్లకూ 90 శాతం తగ్గింపు ఇచ్చారు. గడువును 2024 ఫిబ్రవరి వరకు పొడిగించారు. కర్ణాటక 2023లోనూ, తిరిగి 2025లోనూ 50 శాతం రాయితీ కల్పించింది.

ఈ రాయితీల వల్ల ఖజానాకు తక్షణ ఆదాయం వచ్చిన మాట వాస్తవం. అయితే వాటి నుంచి పౌరులు నేర్చుకునే పాఠం ఏమిటి? 1,000 రూపాయల చలానును గడువులోగా కట్టిన ద్విచక్ర వాహనదారు 1,000 రూపాయలు చెల్లిస్తారు. కట్టకుండా ఊరుకున్న వారు రాయితీ వచ్చాక 200 రూపాయలతో బయటపడతారు. చట్టానికి విధేయుడైన పౌరుడు ఐదు రెట్లు ఎక్కువ చెల్లించినట్లు లెక్క. వేచి ఉంటే మేలన్న నమ్మకం ఒకసారి స్థిరపడితే, తరువాతి చలాను గడువులోగా ఎవరు కడతారు? ఒక రాయితీ తరువాత మరో రాయితీ అనివార్యం కావడానికి కారణం ఇదే.

అదే సమయంలో ఈ రాయితీల పట్టికలో ఒక మంచి సూచన దాగి ఉన్నది. తోపుడు బండికి 90 శాతం, ద్విచక్ర వాహనానికి 80 శాతం, కారుకు 60 శాతం అన్నప్పుడు ప్రభుత్వం చెల్లించే స్తోమతను పరిగణనలోకి తీసుకున్నట్లే. జరిమానా అందరికీ ఒకే బరువు కాదని అంగీకరించినట్లే. ఆ అంగీకారం రెండేళ్లకొకసారి పండుగలా వచ్చిపోకుండా, వ్యవస్థలో శాశ్వత భాగం కావడమే ఇప్పటి అవసరం.

చట్టంలో ఉన్న అవకాశం

వాయిదా పద్ధతి మన చట్టాలకు పరాయిది కాదు. జరిమానా, దానిని చెల్లించకపోతే జైలు అని కోర్టు శిక్ష విధించినప్పుడు, ఆ సొమ్మును 30 రోజుల్లోగా పూర్తిగా గానీ, రెండు మూడు వాయిదాల్లో గానీ చెల్లించేందుకు అనుమతించే అధికారం 1973 నాటి నేర విచారణ స్మృతిలోని 424వ సెక్షన్ న్యాయస్థానానికి ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా 464వ సెక్షన్‌లో ఈ అవకాశాన్ని కొనసాగించింది. కోర్టు బోనులో నిలబడిన వ్యక్తికి ఉన్న ఈ వెసులుబాటును ఇంటి వద్ద చలాను అందుకున్న పౌరునికి కూడా కల్పించడం న్యాయమైన కోరికే అవుతుంది.

బకాయిలను వాహన యజమాని బ్యాంకు ఖాతా నుంచి నేరుగా మినహాయించుకోవాలన్న ఆలోచన కూడా అప్పుడప్పుడు వినిపిస్తోంది. చలాను తప్పుగా పడినప్పుడు అభ్యంతరం చెప్పుకునే హక్కును అది దెబ్బతీస్తుంది. నెలాఖరులో ఇంటి అద్దె కోసం ఉంచుకున్న సొమ్ము చలాను కింద జమయ్యే ప్రమాదమూ ఉన్నది. పౌరుడు తానుగా అంగీకరించి, తాను ఎంచుకున్న తేదీన చెల్లించే వాయిదాకూ, దీనికీ ఎంతో తేడా ఉన్నది.

షికాగో అనుభవం ప్రకారం వాయిదా పథకం ఫలించాలంటే నాలుగు షరతులు తప్పనిసరి. తొలి చెల్లింపు స్వల్పంగా ఉండాలి. పథకంలో చేరిన రోజు నుంచి అదనపు రుసుములు పెరగరాదు. ఒక వాయిదా తప్పినంత మాత్రాన పథకం రద్దు కాకుండా కొంత వ్యవధి ఇవ్వాలి. వాయిదాలు సాగుతున్నంత కాలం జీవనాధారమైన వాహనాన్నీ, లైసెన్సునూ స్వాధీనం చేసుకోరాదు. ఈ నాలుగింటిలో ఏది లోపించినా పథకం పేరుకే మిగులుతుంది. వీటికి తోడు, చలాను వివరాలతో పాటే వాయిదా అవకాశాన్ని కూడా మాతృభాషలో తెలియజేయాలి.

జరిమానా ఉద్దేశం తప్పును సరిదిద్దడం. స్తోమత ఉండీ ఎగవేసేవారిపై చట్టం కఠినంగానే వ్యవహరించాలి. వారికి రాయితీలు బహుమతులు కారాదు. చెల్లించాలన్న మనసు ఉండీ ఒకేసారి చెల్లించలేని వారికి దారి చూపాలి. ఈ రెండు వర్గాలనూ ఒకే గాటన కట్టే ప్రస్తుత రాయితీ విధానం మొదటి వర్గానికి మేలు చేస్తూ, రెండో వర్గాన్ని తదుపరి ప్రకటన కోసం ఎదురుచూసేలా చేస్తోంది. మన రాష్ట్రాలు మరో రాయితీ ప్రకటించే ముందు, ఈ రెండు వర్గాలను వేరుచేసి చూడగల శాశ్వత వాయిదా విధానాన్ని కనీసం ఒక నగరంలో ప్రయోగాత్మకంగా పరిశీలించడం మేలు.